పేర్లు రాయని రిపోర్టు

యంత్రాల సంగతి నా దగ్గర ఎత్తకండి. నాలుగో తరగతిలోనే మా పంతులుగారి చేతి గడియారం విప్పి, తిరిగి బిగించి, బిగించాక రెండు మరలు మిగిలితే జేబులో వేసుకుని, అయినా సరే అది మునుపటికంటే చురుగ్గా నడిచేట్టు చేసినవాణ్ణి. ఆ రోజు మా బడి అరగంట ముందే వదిలారంటే ఆ పుణ్యం నాదే. కాబట్టి కంప్యూటర్ల గది గురించీ, అందులో టేపులు మార్చే మనిషి గురించీ నేను చెబుతుంటే మీరు తలాడించి వినడమే.

కథ కంచుది. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది కానీ, అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు. మూడో అంతస్తులో నిలబడి ఆమె “సర్వర్ పడిపోయింది!” అంటే కింద గేటు దగ్గరి కాపలావాడు నిజంగానే ఏదో కూలిందనుకుని రోడ్డు మీదికి పరుగెత్తేవాడట. కళ్ళాసుపత్రుల కంప్యూటర్లు చూసుకునే కంపెనీ అది. పదిహేనేళ్ళుగా అదే గొంతుతో యంత్రాలనూ మనుషులనూ అదిలిస్తూ వచ్చిన కంచును ఐదు వారాల కిందట మేనేజరును చేశారు. చేసినాక, మేనేజరంటే ఏమిటో నేర్చుకు రమ్మని నాలుగు రోజుల శిక్షణకు పంపారు.

సోమవారం పొద్దున ఆమె వెళ్ళేసరికి హాల్లో తనతో కలిపి పద్దెనిమిది మంది అయ్యారు. అందరూ కంప్యూటర్ల వాళ్ళే. పరిచయాలు చేసుకోమంటే ఒకరి ముఖం ఒకరు చూడకుండా బల్ల కింద ప్లగ్గు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు. కంచు పక్కన వేరే కంపెనీ నుంచి వచ్చిన బట్టతలాయన కూర్చున్నాడు. తనది కేబుళ్ళ పని అని చెప్పాడు.

“మీకెంతమంది మనుషులండీ కింద?” అనడిగాడు.

“పదకొండు మంది బృందం, ఒక ఆపరేటరు. మీకో?”

“నలుగురు. మొన్నటిదాకా నాలుగు వందల స్విచ్చులు చూశాను, ఒక్కటీ అలగలేదు. వీళ్ళు నలుగురూ రోజుకొకరు చొప్పున అలుగుతున్నారు. దేన్ని ఆపి మళ్ళీ వెయ్యాలో తెలియట్లేదు.”

పాఠం చెప్పే ఆవిడ సన్నగా, చకచకా నడిచే మనిషి. ఇరవై ఏళ్ళు ప్రోగ్రాములు రాసి, తర్వాత ఈ పనిలోకి వచ్చిందట. అందరూ ఆమెను మొదటి టీ వేళకే పాఠాలావిడ అనేశారు.

“మీ పనిలో జరిగిన ఒక పొరపాటు ఎంచుకోండి,” అందామె. “నిజంగా జరిగింది కావాలి. ఎందుకు జరిగిందో నాలుగు రోజుల్లో ఒక రిపోర్టు రాయాలి. ఒకటే నియమం. మనిషి పేరు ఉండకూడదు. ఆయన, ఆమె అని కూడా వద్దు. పని పేరు మాత్రమే రాయండి.”

“అదేంటండీ? తప్పు చేసినవాడు నవ్వుకుంటూ తిరుగుతాడు కదా?” అన్నాడు కేబుళ్ళాయన.

“పేరు రాశారనుకోండి, అందరూ పేరే చదువుతారు. ఆ మనిషిని నాలుగు తిట్టి ఫైలు మూసేస్తారు. పొరపాటు మాత్రం అక్కడే కూర్చుంటుంది, ఇంకోడి కోసం. మనిషిని వదిలేయండి. పద్ధతిని పట్టుకోండి.”

ఆ మాట కంచుకు ఎంత నచ్చిందంటే, పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది. ఏ పొరపాటు గురించి రాయాలో ఆమె వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఐదు వారాలుగా అది ఆమె గొంతులో ముల్లులాగే ఉంది. అక్కడ రాసేస్తే, పేర్లు లేకుండా, మర్యాదగా, అందరికీ మేలు జరిగేట్టు బయటికి వచ్చేస్తుందనుకుంది. టేపుల బాబాయికి కూడా మేలు జరుగుతుందని ఆమె నిజంగానే నమ్మింది. ఇది మీరు మరచిపోకూడదు.

టేపుల బాబాయి ఎవరికీ బాబాయి కాదు. ఆ ఆఫీసులో అందరికంటే పెద్దవాడు. పదవీ విరమణకు ఇంకా పంతొమ్మిది నెలలుంది. కంచు పనిలో చేరిన మొదటి వారంలో సర్వర్ గదిలో దిక్కులు చూస్తుంటే, “ఏమే అమ్మడూ, ఇది మీ అత్తారిల్లు కాదు, భయపడకు. ఏ తీగ ఎక్కడికి పోతుందో నే చెప్తా,” అని చేయి పట్టుకుని ఒక్కో బీరువా తిప్పి చూపించినవాడు. అప్పటినుంచి ఆమె ఆయనకు అమ్మడే.

ఆయన పని చూడ్డానికి చిన్నది. ఆసుపత్రుల్లో ఆ రోజు చేసిన కంటి పరీక్షలన్నీ సాయంత్రం ఒక యంత్రం టేపు మీదికి నకలు తీస్తుంది. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా ఆ టేపు. అలాంటివి పద్నాలుగు. రోజుకొకటి చొప్పున యంత్రంలో పెట్టాలి, నిన్నటిది తీసి ఇనప్పెట్టెలో దాచాలి. డబ్బా మూలన చిటికెన వేలి గోరంత తాళం ఉంటుంది. అటు జరిపితే టేపు మీద ఎవరూ ఏమీ రాయలేరు; ఇటు జరిపితే రాయొచ్చు. తీసినప్పుడు తాళం వెయ్యాలి. పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ పెట్టేటప్పుడు తాళం తియ్యాలి. అంతే.

తాళం సంగతి కళ్ళకు కట్టినట్టు చెబుతున్నానని మెచ్చుకోకండి. నేను ఆ గది గుమ్మం కూడా తొక్కలేదు. బాబాయే బస్సులో నా పక్కన కూర్చుని అగ్గిపెట్టెతో చూపించాడు. ఇక గడియారం అంటారా, అది మళ్ళీ ఒక్క నిమిషం కూడా నడవలేదు. బడి అరగంట ముందు వదిలిన మాట మాత్రం నిజం. పంతులుగారు ఆ గడియారం ఒక చేత్తో, నా చెవి ఒక చేత్తో పట్టుకుని బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళవలసి వచ్చింది.

మునుపు టేపుల గదిలో ఇద్దరు ఉండేవారు. ఒకరు జాబితా చూసి అడిగేవారు, ఇంకొకరు చేతులతో చేస్తూ జవాబు చెప్పేవారు. నిరుడు రెండో ఆయన మానేశాడు, ఆ చోటు కంపెనీ నింపలేదు. బాబాయి మాత్రం ఆ అలవాటు మానలేదు. ఒక్కడే రెండు గొంతులతో కానిచ్చేవాడు. అద్దం అవతల నుంచి చూసేవాళ్ళు పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వేవారు.

“నంబరు?” అనేవాడు బొంగురుగా.

“తొమ్మిదండీ,” అని జవాబు తన మామూలు గొంతుతో.

“తాళం?”

“తీశానండీ.”

“సరిగ్గా చూశావా, గుడ్డివాడా?”

“చూశానయ్యా బాబూ, చూశాను!”

ఇరవై ఆరేళ్ళలో ఒక్క టేపు తప్పలేదు. ఐదు వారాల కిందటి శుక్రవారం పొద్దున ఆయన దవడ పన్ను పీకించుకున్నాడు. నోట్లో దూది. రాత్రి దాకా పెదవి విప్పొద్దని పళ్ళ డాక్టరు చెప్పాడు. ఆయన పెదవి విప్పలేదు. రెండు గొంతులూ మూగబోయాయి. తాళం తియ్యడం మరచిపోయాడు.

మంగళవారం, బుధవారం కంచు ఆ రిపోర్టు మీదే కూర్చుంది. పొరపాటుకు కారణం రాసి, దాని కింద “ఎందుకు?” అని వేసి, దానికి జవాబు రాసి, మళ్ళీ “ఎందుకు?” అని వెయ్యాలి. ఐదుసార్లు అలా తవ్వాలి.

‘టేపు మీద నకలు పడలేదు. ఎందుకు? తాళం తీసి లేదు. ఎందుకు? టేపులు మార్చే ఆపరేటరు జాబితా పాటించలేదు. ఎందుకు?’

అక్కడ ఆమె పన్ను సంగతి రాసింది. పాఠాలావిడ భుజం మీది నుంచి వంగి చూసి, ఆ వాక్యం మీద పెన్సిలుతో మెల్లగా గీత కొట్టింది.

“ఇది మనిషి సంగతి. మనకొద్దు.”

“కానీ అసలు కారణం అదేనండీ. ఆయన నోరు...”

“చూశారా, ‘ఆయన’ వచ్చేశారు.” నవ్వింది. “పన్ను పోయిన ఆపరేటరైనా తప్పు చెయ్యలేని పద్ధతి ఎలా ఉండాలి? అది ఆలోచించండి.”

పన్ను పోయింది. తర్వాతి మెట్టు దగ్గర కంచు పెన్ను ఆగింది.

ఎందుకంటే ఆ శుక్రవారం కథ తాళంతో అయిపోలేదు. టేపు మీద రాయలేక యంత్రం పసుపు లైటు వేసింది. పసుపు లైటు వెలిగితే ఆపరేటరు యంత్రాన్ని ముట్టుకోకూడదు, బృందానికి చెప్పాలి, అది నియమం. బాబాయి కంచు కుర్చీ దగ్గరికి వచ్చాడు. దూది నింపిన బుగ్గతో, చేత్తో టేపుల గది వైపు చూపిస్తూ. ఆమె ఫోన్‌లో ఉంది. అవతల డైరెక్టరు. ఆగమన్నట్టు ఆమె అరచెయ్యి ఎత్తింది. ఆయన ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో ఆలస్యంగా వచ్చినవాడిలా చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఆమె బల్ల మీది చీటీ ఒకటి లాక్కుని, ‘అమ్మడూ, యంత్రం మీద పసుపు లైటు. చూడు’ అని రాసి, కంప్యూటరు అంచుకు అంటించి వెళ్ళాడు.

ఆమె చదివింది. చదవలేదంటే అబద్ధం. చదివి, ఫోన్‌ పెట్టాక చూద్దాం అనుకుంది. ఫోన్‌లో డైరెక్టరు “ఇక మీరే మేనేజరు” అన్నాడు. ఆ తర్వాత ఆమె గొంతు మూడంతస్తులూ వినిపించింది. జనం మూగారు, ఎవరో పూలగుత్తి తెచ్చి కంప్యూటరు ముందు నిలబెట్టారు. పూలగుత్తికి చుట్టిన కాగితంతో పాటు చీటీ కూడా చెత్తబుట్టలోకి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రుల సర్వర్‌లో డిస్కు చచ్చింది. శుక్రవారం నకలు కోసం టేపు పెడితే అందులో పద్నాలుగు రోజుల కిందటి పరీక్షలే ఉన్నాయి. అరవై ముగ్గురు రోగులు మళ్ళీ రావలసి వచ్చింది. మళ్ళీ కళ్ళలో చుక్కలు వేయించుకుని, మళ్ళీ చూపు మసకబారి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరండాల్లో కూర్చున్నారు. అందులో ముసలివాళ్ళే ఎక్కువ. ‘చీటీ నాకు ముట్టింది’ అని కంచు ఎవరితోనూ అనలేదు. చీటీ రాశానని బాబాయి కూడా ఎవరితోనూ అనలేదు.

పెన్ను అట్లాగే కాసేపు ఆగింది. తర్వాత ఆమె రాసింది: ‘హెచ్చరిక బృందానికి అందింది. బృందం చర్య తీసుకోలేదు.’

నియమం ప్రకారమే రాసింది. మనిషి పేరు లేదు, పని పేరే ఉంది. ఆ వాక్యానికి చుక్క పెడుతున్నప్పుడు ఐదు వారాల ముల్లు ఒక్కసారిగా దిగిపోయినట్టు అనిపించింది. ఆ సుఖం ఎందుకు కలిగిందో ఆమె తనను తాను అడగలేదు. ఐదుసార్లు ‘ఎందుకు’ అని తవ్వమన్నారు కానీ, ఆ చోట తవ్వమని ఎవరూ చెప్పలేదు.

చివర సూచనలు రాయాలి. ఆమె నాలుగు రాసింది. చేతితో చేసే పని ఉన్నచోట యంత్రమే సరిచూసుకునే ఏర్పాటు ఉండాలి. హెచ్చరికలకు ఒక బాధ్యుడు ఉండాలి. వారానికోసారి టేపు వేసి చూడాలి. నాలుగోది: టేపుల గదిలో రెండో మనిషిని తిరిగి పెట్టాలి.

“మూడు చాలు,” అంది పాఠాలావిడ. “మూడు దాటితే పెద్దవాళ్ళు పేజీ తిప్పరు. కొత్త మనిషి కావాలని అడిగితే అసలు చదవరు. నాలుగోది తీసేసి, మొదటిది ఇంకా సూటిగా రాయండి.”

మొదటిది సూటిగా ఇలా తయారైంది: ‘చేతితో చేసే మెట్టును తొలగించాలి.’

బుధవారం మధ్యాహ్నం ఇంకో పాఠం. కష్టమైన మాట మనిషికి ఎలా చెప్పాలన్నది. ఏడు నిమిషాలు మించకూడదు. మొదటి నిమిషంలోనే విషయం చెప్పేయాలి. క్షమాపణ అడగకూడదు, అడిగితే నిర్ణయం మారుతుందేమోనని ఆశ పుడుతుంది. బల్ల మీద కాగితపు రుమాళ్ళ పెట్టె ఉండాలి. జంటలు జంటలుగా అభ్యాసం చేయించారు. కేబుళ్ళాయన ఉద్యోగం పోయినవాడుగా కూర్చున్నాడు.

“మీ పోస్టు తీసేస్తున్నామండీ,” అంది కంచు.

“అయ్యో, మా ఆవిడ చంపేస్తుందండీ! మీరే వచ్చి చెప్పండి, మీ గొంతైతే వీధిలోంచే వినపడుతుంది!” అని అతను బల్ల మీద పడి ఏడ్చి, నాలుగు రుమాళ్ళు లాగి ముక్కు తుడుచుకున్నాడు. హాలంతా నవ్వు. కంచు కూడా కళ్ళలో నీళ్ళు తిరిగేట్టు నవ్వింది.

గురువారం పాఠాలావిడ పద్దెనిమిది రిపోర్టుల్లో ఒక్కటే చదివి వినిపించింది. కంచుదే. “ఎవర్నీ వేలెత్తి చూపలేదు గమనించండి,” అంది. చప్పట్లు కొట్టారు. ఆ మధ్యాహ్నమే దాన్ని కంచు పంపకముందే, శిక్షణ వాళ్ళు డైరెక్టరుకు పంపేశారు. అది వాళ్ళ రివాజట.

ఆ సాయంత్రం కంచు భర్త బల్ల మీద కంచాలు పెడుతూ రిపోర్టు చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు మందుల దుకాణం ఉంది. డాక్టర్ల రాతే చదవగలిగినవాడికి ఇదొక లెక్క కాదు.

“మేనేజరు గారూ, ఇది మీ టేపుల బాబాయి గురించి కదూ?”

“పేరెక్కడుంది అందులో?” అంది కంచు, తెలివితేటలు చూపించేవాడి మీద విసుగుతో.

“‘టేపులు మార్చే ఆపరేటరు’ అని ఉంది. మీ ఆఫీసులో టేపులు ఎంతమంది మారుస్తారు?”

కంచు గరిటె కింద పెట్టింది.

“ఒక్కరే.”

“మరి పేరు రాస్తే ఏంటి, రాయకపోతే ఏంటి? అద్దాల గదికి తెర కట్టి, తెర మీద లోపలివాడి బొమ్మే వేసినట్టుంది.” ఇంకో పేజీ తిప్పాడు. “ఈ బృందం ఎంతమంది?”

“పదకొండు.”

“హెచ్చరిక బృందానికి అందింది అంటే, పదకొండు మందికీ అందిందా?”

ఆయన తల ఎత్తి ఆమె ముఖం చూసి, కాగితాలు మెల్లగా మడిచి పక్కన పెట్టాడు. ఆమెతో కాదన్నట్టు, నీళ్ళ గ్లాసుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు: “మా దుకాణంలో మందు మారిపోతే సీసా మీద నా సంతకం ఉంటుంది. అది ఉందన్న భయానికే రెండోసారి చూస్తాను.”

ఆమె కంచంలో చెయ్యి పెట్టకుండానే లేచింది.

శుక్రవారం పొద్దున డైరెక్టరు గది బయట కంచు అందరికంటే ముందు నిలబడి ఉంది. చేతిలో రిపోర్టు కొత్త ప్రతి. అందులో ఒక్క వాక్యమే మార్చింది. ‘హెచ్చరిక చీటీ నాకు అందింది. నేను చర్య తీసుకోలేదు’ అని రాసి, కింద తన అసలు పేరు, జీతం కాగితం మీద ఉండే ఆ పేరు పెట్టింది.

డైరెక్టరు మంచివాడు. గొంతు ఎత్తి ఎరగడు. ఎవరు వచ్చినా తనే లేచి తలుపు తీస్తాడు.

“రండి రండి. మీ రిపోర్టు పైవాళ్ళక్కూడా పంపాను. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైనది చూడలేదు. ఎవరి మీదా నింద లేదు. మొదటి సూచన ఇవాళే అమల్లో పెడుతున్నాం.”

“ఏ సూచనండీ?”

“చేతితో చేసే మెట్టు తొలగించడం. టేపులు తీసేస్తున్నాం. నకళ్ళు ఇక తీగ మీదే వేరే చోటికి పోతాయి. ఆపరేటరు పోస్టు అవసరం లేదు.”

కంచు కాగితం ముందుకు జరిపింది. “ముందు ఇది చదవండి సార్. తప్పు నాది. బాబాయి చెప్పాడు నాకు. చీటీ రాసి అంటించి మరీ వెళ్ళాడు. నేనే...” ఆ గొంతు, మూడంతస్తులు పలికే గొంతు, బల్ల అవతలికి కూడా సరిగ్గా చేరలేదు.

ఆయన చదివాడు. రెండోసారి కూడా చదివాడు. తర్వాత పెన్ను తీసి, ఆ వాక్యం మీద, పాఠాలావిడ కొట్టినంత మెల్లగానే గీత కొట్టాడు.

“మీ మంచితనం అర్థమైందమ్మా. కానీ పేర్లు రాయకూడదని మీరే కదా రాశారు మొదటి పేజీలో? మీ పేరొక్కటి ఉంచితే అది పద్ధతి ఎలా అవుతుంది? అయినా ఆయన్ని తప్పు చేశాడని పంపడం లేదు కదా. పోస్టు తీసేస్తున్నాం, అంతే. మనిషి మీద ఏమీ లేదు.”

“ఆ పోస్టులో ఉన్నది ఆ మనిషొక్కడే సార్.”

“అది వేరే సంగతి,” అన్నాడు ఎంతో దయగా. “సోమవారం మీరే చెప్పండి ఆయనకి. మొన్ననే నేర్చుకొచ్చారుగా, ఎలా చెప్పాలో.”

సోమవారం పదకొండింటికి, కిటికీ లేని చిన్న సమావేశాల గదిలో, కంచు ఒక పక్క, బాబాయి ఒక పక్క. టేపుల గది చలికి వేసుకునే స్వెటరుతోనే వచ్చాడు. ఎవరో బల్ల మధ్యలో రుమాళ్ళ పెట్టె ముందే పెట్టి పోయారు.

మొదటి నిమిషంలో చెప్పాలి. మొదటి నిమిషం అయిపోయింది. ఆమె రుమాళ్ళ పెట్టె అంచు బల్ల అంచుకు సరిగ్గా ఉండేట్టు జరిపింది. మళ్ళీ జరిపింది. రెండో నిమిషం కూడా అయిపోయింది.

బాబాయి చూశాడు, చూశాడు. ఇరవై ఆరేళ్ళు ఒక్కచోట నిలబడినవాడికి కబురు తెలియకుండా ఉంటుందా? గొంతు సవరించుకున్నాడు.

“ఏమయ్యా, పోస్టు?” అనడిగాడు బొంగురు గొంతుతో.

“తీసేశారండీ,” అన్నాడు తన మామూలు గొంతుతో.

“ఎప్పటినుంచి?”

“శుక్రవారమే ఆఖరటండీ.”

“సరిగ్గా విన్నావా, గుడ్డివాడా?”

“విన్నానండీ.”

అప్పుడాయన బల్ల మీద రెండు చేతులూ ఆన్చి, ఈసారి ఏ గొంతూ కాని గొంతుతో, “అంతే కదండీ మేడమ్?” అన్నాడు.

కంచు తల ఎత్తింది. “మేడమ్ ఏంటి బాబాయ్?”

“మేనేజరు గారు కదండీ.”

“బాబాయ్, ఆ చీటీ నేను చదివాను. ఆ రోజే చదివాను. పూలగుత్తి వచ్చింది, అందరూ వచ్చారు, నేను... నన్ను తిట్టు బాబాయ్. రెండు గొంతులతో తిట్టు. ఆ గుడ్డిదాన్ని నేనే.”

“అదేదో రిపోర్టులో లేదు కదండీ,” అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఉంటే ఆమె బతికిపోయేది. “నేను చదివాను. చాలా బాగా రాశారు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నా పన్ను గురించి కూడా రాయలేదు, అది నయం. పన్ను పీకించుకుని ఉద్యోగం పీకించుకున్నాడని నవ్వేవాళ్ళు.”

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

“ఒక్కటి అడగొచ్చా మేడమ్?”

“అడుగు. అడుగు బాబాయ్.”

“మా ఆవిడ కాలికి వారం వారం కట్టు కట్టిస్తున్నాం, కంపెనీ వైద్యం కార్డు మీద. అది ఏ రోజు దాకా పని చేస్తుంది?”

ఆమెకు తెలియదు. నాలుగు రోజుల పాఠాల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. “కనుక్కుని చెప్తాను,” అంది.

“అలాగేనండి. తొందరేం లేదు.” లేచి, కుర్చీ బల్ల కిందికి నెట్టి, తలుపు దగ్గర ఆగి, “ఏడు నిమిషాలు కాలేదనుకుంటా,” అన్నాడు. ఆయనకు ఆ లెక్క ఎవరు చెప్పారో ఇప్పటికీ ఆమెకు తెలియదు.

ఆ వారమంతా కంచు మెట్లెక్కి దిగింది. కార్డు నెలాఖరు దాకానే అన్నారు. ఇంకో మూడు నెలలు పొడిగించమని జీతాల విభాగంలో కూర్చుంది. అక్కడి అమ్మాయి జాలిగా చూసి, “కారణం ఏం రాయమంటారు మేడమ్?” అంది. “నా తప్పు అని రాయి,” అంది కంచు. అలాంటి గడి ఆ కాగితంలో లేదు. ఉన్న గడులు మూడే: రాజీనామా, విరమణ, పోస్టు తొలగింపు.

బాబాయి మాత్రం ఆ నాలుగు రోజులూ టేపులు మార్చాడు. నకళ్ళు తీగ మీద పోతున్నా మార్చాడు. అద్దం అవతల నుంచి కంచు చూసింది. పెదవులు కదలడం లేదు. ఒక్క గొంతు కూడా లేదు. ఒక్కో డబ్బానూ వెలుతురుకు ఎత్తి, తాళాన్ని గోటితో తాకి చూసి, పెడుతున్నాడు. ఒక్కోదానికి మునుపటికంటే మూడింతల సేపు పడుతోంది. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. ఆయన తల తిప్పి, ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తాడు. కోపంతో కాదు, టేపు సగంలో ఉంది. ఆమె ఆగింది. ఆయన ఆ టేపు పూర్తిచేసి, ఇంకోటి మొదలుపెట్టాడు. ఆమె ఎంతసేపు నిలబడిందో అటూ ఇటూ పోయేవాళ్ళు చూశారు. చివరికి ఎవరో ఫోన్ వచ్చిందని పిలిస్తే వెళ్ళిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి పద్నాలుగు డబ్బాలూ ఒక అట్టపెట్టెలో సర్ది, ఇనప్పెట్టె తాళంచెవి, గది తాళంచెవి ఆమె బల్ల మీద పెట్టాడు. ఒక కాగితం కూడా పెట్టాడు: ‘అప్పగించినవి’ అని పైన, కింద వరస. ఆమె సంతకం పెట్టాలి. పెట్టింది. పేరు పూర్తిగా రాసి పెట్టింది. ఆయన ఆ పేరు ఒకసారి చదివి, కాగితం మడిచి జేబులో వేసుకున్నాడు.

బృందంలో పదకొండు మందీ లిఫ్టు దాకా వచ్చారు. ఒకరు సంచి పట్టుకున్నారు, ఒకరు ఏదో జోకు వేశారు, అందరూ కావలసినదానికంటే కొంచెం ఎక్కువ నవ్వారు. కంచు వెనక నిలబడింది. లిఫ్టు వచ్చింది. బాబాయి లోపలికి వెళ్ళి ఇటు తిరిగాడు. తలుపులు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టి, పదకొండు తలల మీదుగా ఆమెను చూసి, “ఏమే అమ్మడూ, ఆ మొహం ఏంటే? వస్తానే,” అన్నాడు.

ఇంత కథలో నేను కల్పించింది అదొక్కటే. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. “వస్తానండీ మేడమ్,” అన్నాడు. తలుపులు మూసుకున్నాయి.